కరము అంటే పన్ను: ఆన్‌లైన్ పరీక్షలతో నా తెలుగు తరగతి

తొమ్మిదో తరగతి పిల్లలకు మొదటిసారి కంప్యూటరు మీద పరీక్ష పెట్టిన రోజున, ఒక ప్రశ్నకు 28 మందిలో ఒక్కరికి కూడా మార్కు రాలేదు. వేమన పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించిన దొర ఎవరన్నది ఆ ప్రశ్న. పాఠంలో రెండుసార్లు వచ్చిన పేరే కనుక చాలామంది ‘బ్రౌన్’ అని టైపు చేశారు. సరైన జవాబుగా నేను ముందే ఇచ్చి ఉంచిన మాట కూడా ‘బ్రౌన్’ అనే ఉంది. తెర మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్క గీత తేడా కనిపించలేదు. ముందు బెంచీ అమ్మాయి లేచి, “మేడమ్, మీ బ్రౌన్ వేరు, మా బ్రౌన్ వేరా?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నా దగ్గర మాత్రం జవాబు లేదు.

ఆ సాయంత్రం మా తమ్ముడు చిక్కు విప్పాడు. సరైన జవాబును నేను స్వయంగా టైపు చేయకుండా, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక వ్యాసం నుంచి కాపీ చేసి అతికించాను. వ్యాసంలో ‘బ్రౌన్‌కు’ అని ఉంటే, ‘కు’ను చెరిపేసి ఊరుకున్నాను. నకార పొల్లుకూ ఆ ‘కు’కూ నడుమ కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుందనీ, నేను చెరిపిన తరువాత కూడా అది మాట చివరన అంటిపెట్టుకుని ఉండిపోయిందనీ నాకు తెలియదు. పొల్లు పక్కన వచ్చే హల్లు దానికి వత్తుగా అతుక్కోకుండా ఆపడానికి యూనికోడ్‌లో చేసిన ఏర్పాటు అది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో వకారం కిందికి దిగి వత్తుగా మారకుండా తన కాళ్ళ మీద తాను నిలబడి ఉన్నదంటే దాని చలవే. మనం అక్షరాల ఆకారాన్ని చూస్తాం, యంత్రం వాటి వెనుక ఉన్న సంకేతాల వరుసను చూస్తుంది. దాని లెక్కలో పిల్లల బ్రౌన్, నా బ్రౌన్ నిజంగానే వేరు వేరు మనుషులు.

మాది మదనపల్లె. బెంగళూరు తూర్పున, మారతహళ్ళి దాటాక ఉన్న ఒక సీబీఎస్‌ఈ పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. నా దగ్గరకు వచ్చే పిల్లలు అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు, హైదరాబాదుల నుంచి ఉద్యోగాలకని ఇక్కడికి చేరిన కుటుంబాల వాళ్ళు. ఇంట్లో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు, ఆటస్థలంలో కన్నడం, హిందీ కలగలుపుగా వాళ్ళకు నడిచిపోతాయి. మాట్లాడటం అందరికీ వచ్చు. చదవడం మాత్రం కొందరికి కూడబలుక్కుంటేనే వస్తుంది. ఇది ముందే చెప్పుకోవడానికి కారణం ఉంది: ఆన్‌లైన్ పరీక్షల గురించి మా బడిలోని గణితం, సైన్సు ఉపాధ్యాయులు చెప్పే సుఖాలు కొన్ని భాషా తరగతికి వర్తించవు, వాళ్ళు ఎన్నడూ చూడని ఇబ్బందులు మాకు మొదటి రోజే ఎదురవుతాయి.

బ్రౌన్ సంగతి ఒక్కటే అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ వారమే ‘కృషి’ అన్న జవాబును సగం మంది ‘క్రుషి’ అని ఇచ్చారు. వట్రసుడి రావలసిన చోట క్రావడి, కొమ్ము వచ్చి కూర్చున్నాయి. వాళ్ళ నోటుపుస్తకాలు తెప్పించి చూశాను. చేత్తో రాసిన చోట వట్రసుడి చక్కగానే ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డులో వాళ్ళు నోటికి పలికినట్టు కొట్టారు, అది తనకు తోచినట్టు రాసింది. ‘ఋతువు’ ‘రుతువు’గానూ, ‘రామాయణం’ ‘రామాయణము’గానూ వచ్చాయి. సంధి పేరు అడిగితే కొందరు ‘ఉత్వ సంధి’ అన్నారు, కొందరు ‘ఉకార సంధి’ అన్నారు. రెండూ ఒకటేనని వాళ్ళకు నేనే చెప్పాను. గూగుల్ ఫార్మ్స్‌లో 2016 నుంచి ఉన్న క్విజ్ ఏర్పాటులో ఒక్క ప్రశ్నకు చెల్లుబాటయ్యే జవాబులు ఎన్నయినా ముందుగా ఇచ్చుకోవచ్చునని తెలుసుకుని, ఒక చిన్న ప్రశ్నకు 11 రూపాలు రాసి పెట్టాను. పన్నెండో రూపం మరునాడే వచ్చింది.

అప్పుడు ఒక నిర్ణయానికి వచ్చాను, ఇప్పటికీ దాని మీదే ఉన్నాను. గుణింతాన్ని, వత్తులను, అక్షరదోషాలను యంత్రంతో పరీక్షించను. అవి చేతిరాతలో, ఎర్ర సిరాతో, నోటుపుస్తకంలోనే జరగాలి. కీబోర్డు మీద తెలుగు కొట్టగలగడం మంచి నైపుణ్యమే కానీ దాన్ని మరొక రోజు, మరొక పేరుతో నేర్పవచ్చు. కృషి అన్న మాట తెలిసిన పిల్లవాడికి కీబోర్డు రానందుకు తెలుగులో మార్కు తగ్గించడం న్యాయం అనిపించుకోదు.

మరి యంత్రానికి మిగిలిన పని ఏమిటి? నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్నలు. వీటి మీద నాకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. గుడ్డిగా గీసినా నాలుగో వంతు మార్కులు వస్తాయని, భాషను ఇలా కొలవడం సముద్రాన్ని గరిటెతో కొలవడమేనని స్టాఫ్ రూములో చాలాసార్లు అన్నాను. ఆ అభిప్రాయం మారింది సంధుల పాఠంలో.

‘సూర్యోదయం’ ఏ సంధి అని అడిగి, గుణసంధి, సవర్ణదీర్ఘసంధి, వృద్ధిసంధి, ఉకారసంధి అని నాలుగు జవాబులు ఇచ్చాను. పిల్లలు జవాబులు కొట్టగానే ఏ జవాబుకు ఎందరో చూపే పట్టీ తెర మీదికి వచ్చింది. సరైన జవాబైన గుణసంధి అన్నవాళ్ళు 8 మంది, వృద్ధి అన్నవాళ్ళు ఇద్దరు, ఉకారసంధి అన్నవాళ్ళు 5 మంది, సవర్ణదీర్ఘం అన్నవాళ్ళు ఏకంగా 13 మంది. కాగితం మీద పెట్టి ఉంటే 20 మందికి తప్పు గుర్తు వేసి, ‘సంధులు మళ్ళీ చదువుకుని రండి’ అని ఊరుకునేదాన్ని. ఆ పట్టీ చూశాక మాత్రం అది ఒక్క తప్పు కాదనీ, మూడు వేరు వేరు తప్పులనీ అర్థమైంది. సవర్ణదీర్ఘం అన్నవాళ్ళు ‘సూర్యో’లోని ఓకారాన్ని చూశారు, ఓ దీర్ఘమే కదా, దీర్ఘం కనిపించింది కనుక సవర్ణదీర్ఘసంధి అనుకున్నారు. అంటే వాళ్ళు కలిసిన తరువాత వచ్చిన రూపాన్ని చూస్తున్నారే తప్ప, కలిసిన రెండు అచ్చులు ఏవో చూడటం లేదు. ఉకారసంధి అన్నవాళ్ళు విడదీయడం సరిగ్గానే చేశారు. సూర్య, ఉదయం అని విడదీసి, రెండో మాట ఉకారంతో మొదలైంది కనుక అది ఉకారసంధి అన్నారు. ఉత్తు, అంటే హ్రస్వమైన ఉకారం, ఉండవలసింది మొదటి మాట చివరన అన్నది వాళ్ళకు చేరలేదు. వృద్ధి అన్న ఇద్దరికీ ఓకారం, ఔకారం కలగాపులగమయ్యాయి.

ఇరవయ్యేళ్ళుగా సంధులు చెబుతున్నాను. పిల్లలకు సంధులు రావని తెలుసు. ఏది ఎందువల్ల రావడం లేదో అంత విడమరిచి ఎన్నడూ చూడలేదు. సరైన జవాబును తయారు చేయడానికి అర నిమిషం చాలు. పిల్లవాడి మనసులో ఉన్న ఒక్కొక్క పొరపాటుకు ఒక్కొక్క తప్పు జవాబును ఎదురుగా నిలబెట్టడానికే గంటలు పడుతుంది. ఏదో ఒకటి పెట్టాలని పెట్టే తప్పు జవాబును ఎవరూ ఎంచుకోరు, ఎంచుకున్నా దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు. ఇప్పుడు నేను ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు ముందు తప్పులు రాసుకుంటాను. పాత నోటుపుస్తకాలు దానికి గని వంటివి.

ఆ రోజు సరైన జవాబు చెప్పకుండా ఆపేసి, పక్కనున్నవాళ్ళను ఒప్పించమన్నాను. ఈ పద్ధతి నా సొంతం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచి తన తరగతిలో చేస్తున్నది ఇదే. ప్రశ్న ఇవ్వడం, ఎవరికి వారు జవాబు ఇవ్వడం, పక్కవాళ్ళతో వాదించడం, మళ్ళీ జవాబు ఇవ్వడం. మా తరగతిలో ఆ నాలుగు నిమిషాలు చేపల మార్కెట్టును తలపించాయి. నాలుగో వరుసలో ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి, “సవర్ణం అంటే సేమ్ కలర్ రా! అ, ఉ సేమ్ ఎట్లా అవుతాయి?” అని పక్కవాడిని గదమాయించడం విన్నాను. నేను ఎన్నిసార్లు చెప్పినా అంత సూటిగా చెప్పలేదు. రెండోసారి గుణసంధికి 21 మంది వచ్చారు. వాళ్ళలో కొందరు గుంపును బట్టి మారి ఉంటారని నాకు అనుమానం. అందుకే మరునాడు ‘గజేంద్రుడు’ ఇచ్చాను, ఈసారి వాదన లేకుండా. 19 మందికి వచ్చింది. చాలు అనుకున్నాను.

ఇక కరము కథ. నానార్థాల పాఠం అయ్యాక, ‘కరము’ అంటే ఏమిటని అడిగి చేయి, కాలు, పన్ను, చెవి అని నాలుగు శరీర భాగాలు ఇచ్చాను. సరైన జవాబు చేయి. ఇంత సులువైన ప్రశ్నలో 6 మంది తప్పారు. తప్పినవాళ్ళ పేర్లు చూస్తే నా గుండె జారింది: తరగతిలో అందరికన్నా బాగా చదివేవాళ్ళు నలుగురు వాళ్ళలో ఉన్నారు, నలుగురూ ‘పన్ను’ కొట్టారు. నేను పన్ను అన్నది నోట్లో ఉండే పన్నును తలచుకుని. వాళ్ళు చదివింది ప్రభుత్వానికి కట్టే పన్ను. కరమంటే శిస్తు, సుంకం, పన్ను అని వాళ్ళకు బోర్డు మీద రాసి చెప్పింది నేనే. యంత్రం నలుగురికీ నిర్మొహమాటంగా సున్నా వేసింది.

బాగా చదివేవాళ్ళు తప్పి, అంతంతమాత్రం చదివేవాళ్ళు ఒప్పయిన ప్రశ్న ఎక్కడో చెడి ఉంటుందన్నది పరీక్షల శాస్త్రంలో పాత సూత్రమే. మొత్తం మార్కుల్లో పై వరుసలో ఉన్నవాళ్ళెందరు ఆ ప్రశ్నకు సరిగ్గా చెప్పారో, కింది వరుసలో ఉన్నవాళ్ళెందరు చెప్పారో చూసి, తేడా తీస్తారు. తేడా రుణసంఖ్య అయితే తప్పు ప్రశ్న తయారు చేసినవారిదని అనుమానించాలి. మూడ్ల్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క ప్రతి ప్రశ్నకూ దానంతట అదే వస్తుంది. మూడ్ల్ 2002లో ఆస్ట్రేలియాలో పుట్టింది, ఉచితం, కాకపోతే దాన్ని నడపడానికి బడిలో ఒక మనిషి కావాలి, మాకు లేరు. అందుచేత నేను ఫారంలో వచ్చిన జవాబులను స్ప్రెడ్‌షీట్‌లోకి దింపి, మార్కుల వరుసలో పేర్చి, పై 7 మందినీ కింది 7 మందినీ కంటితోనే పోల్చుకుంటాను. ఒక్కొక్క పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. పరీక్ష దిద్దే శ్రమ తగ్గిందని సంబరపడేవాళ్ళు ఆ పది నిమిషాలు కూడా మిగుల్చుకోకూడదని నా అభిప్రాయం. ఆ నలుగురికీ మార్కులు కలిపాను, క్షమాపణ కూడా చెప్పాను. వాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే పళ్ళు చూపిస్తారు.

కావాలని పెట్టిన ఉచ్చు ఒకటి కూడా ఉంది. ‘ఊట’ అంటే ఏమిటని ఆరో తరగతిని అడిగి, జవాబుల్లో ‘భోజనం’ చేర్చాను. కన్నడంలో ఊట అంటే భోజనమే. మనకు ఊట అంటే నేలలోంచి ఊరే నీరు. మూడో వంతు మంది భోజనానికి వెళ్ళిపోయారు. మదనపల్లెలోనో మచిలీపట్నంలోనో ఈ ప్రశ్నకు ఇలాంటి తప్పు జవాబు పెట్టడంలో అర్థం లేదు. ఎవరో తయారు చేసి పెట్టిన ప్రశ్నలను ఇంటర్నెట్ నుంచి దింపుకుని యథాతథంగా వాడుకోవడానికి నేను వెనుకాడేది ఇందుకే; మా పిల్లలు చేసే తప్పులు బెంగళూరు తెలుగు పిల్లలు చేసే తప్పులు.

సాధనాల మాట కొంచెం చెబుతాను. నార్వేలో తయారై 2013లో జనంలోకి వచ్చిన కహూట్ అనే క్విజ్ ఆట మా పిల్లలకు ప్రాణం. సంగీతం, రంగులు, ప్రశ్న ప్రశ్నకూ మారే విజేతల పట్టిక. మామూలుగా ఆడితే అందులో సరైన జవాబుకు గరిష్ఠంగా 1000 పాయింట్లు, ఆలస్యమైన కొద్దీ అవి తగ్గుతూ వచ్చి గడువు చివరి క్షణానికి సగమవుతాయి. ఇక్కడే నాకు పేచీ. కూడబలుక్కుని చదివే పిల్లకు ప్రశ్న చదవడానికే గడువులో సగం పోతుంది. ఆమెకు సంధి తెలుసు, జవాబు సరైనదే కొట్టింది, అయినా పట్టికలో అడుగున ఉంది. నేను సంధిని కొలుస్తున్నానని అనుకుంటున్నాను, నిజానికి చదివే వేగాన్ని కొలుస్తున్నాను. గడువును పెంచుకునే వీలుంది, పెంచాను. కానీ వేగంగా చదివే పిల్లలు అప్పటికే కొట్టేసి చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆలోచిస్తున్నవాళ్ళ మీద పడే చూపులను ఏ సెట్టింగూ తగ్గించలేదు. ఇప్పుడు దాన్ని ఛందస్సులోని గణాలకు మాత్రమే వాడతాను. ‘యమాతారాజభానసలగం’ నోటికి వచ్చిన పిల్లవాడికి, వరుసగా గురువు, లఘువు, గురువు కనిపించగానే రగణం అని తట్టాలి. అక్కడ వేగం కూడా చదువులో భాగమే, పైగా తెర మీద చదవవలసిన తెలుగు దాదాపుగా ఉండదు. ప్రశ్న ఇన్ని అక్షరాలకు మించరాదన్న హద్దు కూడా అక్కడ అడ్డం రాదు. ఈ హద్దు తెలుగుకు సవతితల్లి వంటిది. మనకు ఒక్క అక్షరమైన ‘స్త్రీ’ యంత్రానికి ఆరు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం.

క్విజీజ్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 2015లో. 2025లో దాని పేరు వేగ్రౌండ్ అని మార్చారు. పిల్లలు ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నారు. అందులో ప్రశ్నలు ప్రతి పిల్లవాడి తెర మీదికి విడిగా వస్తాయి, ఎవరి నడకతో వాళ్ళు వెళ్ళవచ్చు, గడియారాన్ని తీసేయవచ్చు. ల్యాబు దొరికిన రోజున నేను వాడేది అదే. చిక్కల్లా ల్యాబు దొరకడంలోనే ఉంది. రెండు వారాలకు ఒక పీరియడు మా వాటా, అందులోనూ ఇద్దరికి ఒక కంప్యూటరు.

మిగిలిన రోజుల్లో నన్ను ఆదుకున్నది కాగితం. ప్లికర్స్ అన్న సాధనంలో పిల్లలకు ఫోను అక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క అట్టముక్క, దాని మీద గళ్ళగళ్ళ నల్లని బొమ్మ. బొమ్మకు నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని చీమతలకాయంత అక్షరాలు ఉంటాయి. ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా అట్టను తిప్పి పట్టుకోవాలి. నేను నా ఫోను కెమెరాను తరగతి మీదుగా ఒక్కసారి తిప్పితే ఎవరు ఏ జవాబు ఇచ్చారో నమోదవుతుంది. ఏ ఇద్దరి బొమ్మలూ ఒకలా ఉండవు కనుక పక్కవాడి అట్టను చూసి తిప్పుకునే వీలు లేదు. 40 అట్టల కట్టను జిరాక్స్ షాపులో మందపాటి కాగితం మీద అచ్చు తీయించుకుంటే ఏడాది గడుస్తుంది. మొదటిసారి చిరిగిపోకూడదని మెరిసే లామినేషన్ చేయించి డబ్బు పోగొట్టుకున్నాను. ట్యూబులైటు వెలుగు పడి సగం అట్టలను కెమెరా చదవలేకపోయింది. పిల్లల పేర్లకు బదులు రోల్ నంబర్లే ఇచ్చాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది. ఆ చట్టం లేకపోయినా, ఎనిమిదో తరగతి పిల్ల పేరు, ఆమెకు రాని సంధుల జాబితా ఎక్కడో విదేశంలోని కంప్యూటరులో ఉండవలసిన అవసరం నాకు కనిపించలేదు.

పాఠం చెప్పిన రోజే పరీక్ష పెట్టడం కూడా మానేశాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చి, కొందరిని దాన్ని మరోసారి చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం తరువాత అడిగితే చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. గుర్తు తెచ్చుకోవడానికి పడే పాటే గుర్తును గట్టిపరుస్తుందన్నమాట. అందుకని ఈ సోమవారం చెప్పిన పాఠం మీద వచ్చే సోమవారం అడుగుతాను, మార్కులు లేకుండా. అయితే ఆ ప్రయోగంలో విద్యార్థుల ముందు ఉన్నది తెల్ల కాగితం, నాలుగు జవాబుల వరుస కాదు. ఎదురుగా ఉన్న జవాబును పోల్చుకోవడం వేరు, లోపలి నుంచి తవ్వి తీయడం వేరు. కనుక మా తరగతిలో ప్రశ్న తెర మీదికి వచ్చినప్పుడు జవాబులు కనిపించవు. పిల్లలు ముందు నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఆ తరువాతే జవాబులు చూపిస్తాను, అప్పుడు అట్ట ఎత్తాలి. రాసినదానికీ ఎత్తినదానికీ పొంతన లేనివాళ్ళు ముసిముసిగా నవ్వుకోవడం నాకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇంటి దగ్గర చేసి పంపే పరీక్షల మీద నాకు నమ్మకం పోయింది. అమ్మమ్మగారి ఊరి గురించి అయిదు వాక్యాలు రాయమని ఫారం పంపితే, నాలుగు ఊళ్ళు ‘పచ్చని ప్రకృతి ఒడిలో ఒదిగిన’ గ్రామాలుగా వచ్చాయి. వాటిలో ఒకటి కదిరి పక్క ఊరు. ఆ ఊళ్ళో ఏడాది పొడవునా గలగల పారే సెలయేరు ఉందని చదివినప్పుడు, అది ఏ యంత్రం రాసిందో తెలియకపోయినా, అమ్మమ్మ చెప్పింది మాత్రం కాదని తెలిసిపోయింది. మరునాడు ఆ పిల్లను పిలిచి, ఊరికి వెళితే ఏం చేస్తావమ్మా అని అడిగితే, ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు మోస్తానని చెప్పింది. అదే రాయించాను.

తల్లిదండ్రుల సమావేశంలో ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది. మొన్న ఒక తండ్రి, “మేడమ్, ఆన్‌లైన్ టెస్టుల్లో మావాడి ర్యాంకు ఎంత? పర్సంటైల్ ఏమైనా ఇస్తారా?” అని అడిగారు. ఆయనను తప్పు పట్టను. పెద్దబ్బాయి జేఈఈ మెయిన్‌కు తయారవుతున్నాడు. 75 ప్రశ్నలు, 300 మార్కులు, ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత, చివరికి పర్సంటైల్. ఆ ఇంట్లో ఆన్‌లైన్ పరీక్ష అంటే అదే. లక్షల మందిలోంచి కొన్ని వేల మందిని ఏరడానికి పెట్టిన పరీక్షకు ర్యాంకు కావాలి. నా తరగతిలో 28 మందే ఉన్నారు, ఎవరినీ ఏరి బయటికి పంపేది లేదు. మీవాడికి యణాదేశం వచ్చింది, వృద్ధి ఇంకా రాలేదు, ఐకారం ఎక్కడ కనిపించినా దాన్ని గుణసంధి అంటున్నాడు, ‘ఏకైక’ను ఇంట్లో రెండుసార్లు విడదీయించండి అని ఆయనకు చెప్పాను. ఆయన ఫోనులో రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు మళ్ళీ, “సుమారుగా అయినా చెప్పండి మేడమ్, టాప్ టెన్‌లో ఉంటాడా?” అన్నారు.

ఈ మధ్య ప్రశ్నలను పిల్లల చేతనే రాయిస్తున్నాను. షరతు ఒక్కటే: ప్రతి తప్పు జవాబు పక్కన, అది ఎవరికి ఎందుకు ఒప్పు అనిపిస్తుందో ఒక వాక్యం రాయాలి. సవర్ణం అంటే ఒకే రంగు అని గదమాయించిన అబ్బాయి నిన్న కాగితం తెచ్చి ఇచ్చాడు. ‘హరి’ అంటే ఏమిటి: విష్ణువు, సింహం, కోతి, కప్ప. తప్పు జవాబుల పక్కన వాక్యాలు లేవేమని అడిగితే, “తప్పు లేదు కదా మేడమ్. నాలుగూ రైటే. నిఘంటువులో చూసినా” అన్నాడు. నాలుగు గడుల్లోనూ టిక్కు పెట్టినవాళ్ళకే మార్కు వచ్చేలా అమర్చవచ్చునని చూపించాను. కాసేపు ఆలోచించి, మూడు తెలిసినవాడికి సున్నా వస్తుందా అని అడిగాడు. వస్తుందని ఒప్పుకున్నాను. అయితే ఈ ప్రశ్న అట్టలతో వద్దు, నోటితో అడగండి అన్నాడు. సోమవారం మూడో పీరియడుకు దాన్ని అలాగే ఉంచాను.